మొరాయించే గేరు లివరు: ఒక పాత బుల్డోజర్ మరమ్మతు డైరీ

మొదటి రోజు

ఈ బుల్డోజర్ 1950ల నాటిది. ఇంజను ఇప్పటికీ ఆరోగ్యంగా ఉంది, ట్రాక్ చెయిన్లు అరిగినా ఇంకా కొన్నేళ్ళు పనికొస్తాయి, బ్లేడు నిటారుగా లేస్తుంది. గేరు మార్చడం ఒక్కటే గండం. లివరును రెండు చేతులతో పట్టుకుని, కాలు ముందున్న రేకుకు ఆనించి లాగితే తప్ప కదలదు. కదిలాక అది గేరులో పడే లోపు ఇనుము ఇనుమును కొరుకుతున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ లోపల పళ్ళ అంచులు రాలిపోతున్నాయని తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఇది బాగయ్యేదాకా దీన్ని పనిలో పెట్టకూడదని నిర్ణయించుకున్నాను.

గేర్‌బాక్స్ మూత తీసేయాలన్నదే నా తొలి ఆలోచన. పనిముట్లు కూడా సర్దుకున్నాను. ఇలాంటి యంత్రాల మీదే చాలా ఏళ్ళు పనిచేసిన మా బాబాయి వచ్చి, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఇంజను ఆపి లివరు కదిపి చూశావురా?"

"లేదు బాబాయ్."

"మరి జబ్బెక్కడుందో తెలియకుండా కడుపు కోస్తావా?"

ఇంజను ఆపాను. క్లచ్ చేతిలివరును పూర్తిగా ముందుకు నెట్టి, అంటే ఇంజనును గేర్‌బాక్స్‌తో కలిపే క్లచ్ పట్టు వదిలేసి, గేరు లివరు లాగాను. చప్పుడు లేదు. కానీ బిగుతు మాత్రం దాదాపు అలాగే ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు బిగుతుతో పాటు కొరుకుడు చప్పుడు కూడా వస్తోంది. అంటే ఇక్కడున్నది ఒక జబ్బు కాదు, రెండు. ఇంజను ఆగినా పోని బిగుతు లివరుకీ గేరుకీ మధ్యనున్న భాగాలది. ఇంజను నడిస్తేనే వచ్చే చప్పుడు క్లచ్ వైపుది. ఈ చిన్న పరీక్షకు పట్టింది 5 నిమిషాలు. దీన్ని చేయకుండా నేరుగా మూత తీసి ఉంటే, ఒక జబ్బు బాగుచేసి రెండోది అలాగే ఉంచి మూత బిగించేవాణ్ణి.

రెండో రోజు

ఈ రోజు స్పానర్ ముట్టుకోలేదు. ఈ యంత్రంలో గేరు ఎలా పడుతుందో కాగితం మీద గీసుకుని అర్థం చేసుకున్నాను. ఆ ఫలితం ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఇది తెలియకపోతే తర్వాత చేసిన పనులేవీ అర్థం కావు.

కార్లలో సింక్రోమెష్ అనే ఏర్పాటు ఉంటుంది. అది మొదట 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. కలవబోయే రెండు గేర్ల వేగాన్ని ముందుగా సమానం చేయడం దాని పని. ఈ తరం బుల్డోజర్లలో అది లేదు. తిన్నని పళ్ళున్న గేరును షాఫ్ట్ మీద జరిపి, ఎదురుగా ఉన్న గేరు పళ్ళ మధ్యకు దూర్చడమే ఇక్కడి పద్ధతి. రెండింటి వేగం సమానంగా ఉంటేనే అవి చప్పుడు లేకుండా కలుస్తాయి.

బుల్డోజర్‌కూ కారుకూ మరో తేడా ఉంది. క్లచ్ వదలగానే కారు దొర్లుతూ పోతుంది. ట్రాక్ చెయిన్ల మీద నడిచే బండి సమతల నేల మీద దాదాపు వెంటనే ఆగిపోతుంది. కాబట్టి గేరు మార్చేటప్పుడు గేర్‌బాక్స్‌లో ట్రాక్ చెయిన్ల వైపు పోయే కింది షాఫ్ట్ వేగం సున్నా. అప్పుడు క్లచ్ వైపు నుంచి తిరిగే పై షాఫ్ట్ వేగం కూడా సున్నా కావాలి. క్లచ్ వదిలినంత మాత్రాన పై షాఫ్ట్ ఆగదు, ఊపులో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికే క్లచ్ బ్రేకు ఉంది. క్లచ్ చేతిలివరును వదిలిన స్థానం దాటి ఇంకాస్త ముందుకు నెడితే, ఒక రాపిడి పట్టీ వచ్చి క్లచ్ షాఫ్ట్ మీదున్న చక్రానికి ఒత్తుకుంటుంది. షాఫ్ట్ ఆగుతుంది. అప్పుడు గేరు వేయాలి.

రెండో ఏర్పాటు ఇంటర్‌లాక్. బరువు నెడుతుండగా గేరు జారి న్యూట్రల్‌లోకి రాకుండా ఇది కాపాడుతుంది. లోపల గేర్లను జరిపే ఫోర్కులను మోసే కడ్డీల మీద గాట్లు ఉంటాయి. ఆ గాట్లలోకి స్ప్రింగు ఒత్తిడితో పొట్టి మేకుల్లాంటి ప్లంజర్లు దిగుతాయి. క్లచ్ పట్టి ఉన్నప్పుడు ప్లంజర్లు పైకి లేవకుండా ఒక చిన్న అడ్డ షాఫ్ట్ వాటిని నొక్కి పెడుతుంది. క్లచ్ వదలగానే చేతిలివరుకు కట్టిన లింకు కడ్డీ ఆ అడ్డ షాఫ్ట్‌ను తిప్పుతుంది, ప్లంజర్లకు లేచే చోటు దొరుకుతుంది, గేరు లివరు కదులుతుంది. అడ్డ షాఫ్ట్ సగమే తిరిగితే? ప్లంజర్ సగమే లేస్తుంది. అప్పుడు మనం లాగుతున్నది గేరును కాదు, తాళం వేసి ఉన్న తలుపును.

మొదటి రోజు చూసిన రెండు జబ్బులూ ఈ రెండు ఏర్పాట్లకు సరిగ్గా సరిపోతున్నాయి.

మూడో రోజు

కాళ్ళకింది రేకులు విప్పాను. 8 బోల్టులలో 3 తలలు తెగిపోయాయి. వాటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, డ్రిల్లు చేసి తీశాను.

రేకులు తీశాక క్లచ్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య షాఫ్ట్ పైనుంచి కనిపించింది. దాని మీద సుద్దతో ఒక తెల్లగీత గీశాను. తమ్ముడు సీటులో కూర్చున్నాడు. గేరు న్యూట్రల్‌లో ఉంది. నేను పక్కకు దిగి, ఒక కర్రకు ఫోను కట్టి దూరం నుంచి వీడియో తీశాను. తిరిగే షాఫ్ట్ మీదికి వంగి చూడకూడదు. చొక్కా అంచు, తుండుగుడ్డ ఏది చిక్కినా మనిషి మిగలడు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

క్లచ్ పట్టించి షాఫ్ట్ తిప్పాం. "వదిలి పూర్తిగా ముందుకు నెట్టు" అన్నాను. తమ్ముడు నెట్టాడు. 30 సెకన్లు గడిచినా తెల్లగీత తిరుగుతూనే ఉంది. మొదట నెమ్మదించింది, ఆ తర్వాత ఒకే వేగంతో తిరుగుతూ ఉండిపోయింది. ఆ ఒకే వేగం నాకు ముఖ్యమైన ఆధారం. ఊపుతో తిరిగేదైతే క్రమంగా తగ్గి ఆగాలి. తగ్గకుండా తిరుగుతోందంటే ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, దాన్ని ఏదో దారిలో ఇంకా లాగుతోంది, బ్రేకు దాన్ని ఆపలేకపోతోంది.

తర్వాత ఇంజను ఆపి లింకు కడ్డీ కీళ్ళు చూశాను. చేతిలివరు నుంచి అడ్డ షాఫ్ట్ దాకా 3 పిన్ను కీళ్ళు. మొదటి పిన్ను తీసి కొలిస్తే, అరగని చోట 12.7 మిల్లీమీటర్లు, అరిగిన చోట 11.5. అది కూర్చునే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయింది. ఒక్కో కీలులో దాదాపు 2 మిల్లీమీటర్ల ఖాళీ. మూడూ కలిపితే 6. లివరు పూర్తిగా ముందుకు వెళ్ళినా, ఆ కదలికలో 6 మిల్లీమీటర్లు ఖాళీలు నింపడానికే సరిపోతున్నాయి. అడ్డ షాఫ్ట్ దాకా చేరేది మిగిలినదే. ఒక్కో పిన్ను విడిగా చూస్తే "ఫరవాలేదు" అనిపిస్తుంది. పాత యంత్రాల్లో జబ్బు చాలాసార్లు ఇలాగే ఉంటుంది, ఎక్కడా పెద్ద లోపం కనిపించదు, చిన్న అరుగుదలలన్నీ ఒకే దిక్కుకు పోగుపడతాయి.

నాలుగో రోజు

గేర్‌బాక్స్ ఆయిల్ దించాను. డ్రెయిన్ ప్లగ్ విప్పగానే మొదట వచ్చింది ఆయిల్ కాదు, నీళ్ళు. సుమారు 2 లీటర్లు. తర్వాత మజ్జిగలా తెల్లబడిన ఆయిల్. ప్లగ్‌కు అయస్కాంతం కట్టి ఆయిల్‌లో ముంచితే మెత్తని ఇనుపరజనుతో పాటు గోటి కొనంత ముక్కలు 4 అంటుకున్నాయి. పళ్ళ అంచుల నుంచి విరిగినవి. విరిగిన పన్ను మొత్తంగా దొరకలేదు, అది ఊరట.

నీళ్ళు ఎలా వచ్చాయో వెతకనక్కర్లేకపోయింది. గేరు లివరు మొదట్లో ఉండే రబ్బరు తొడుగు చిరిగి పీలికలైంది. ఎన్నో వానలు ఆ లివరు వెంబడే లోపలికి దిగాయి.

అయిదో రోజు

చెయిన్ పుల్లీ వేసి గేర్‌బాక్స్ పై మూత ఎత్తాం. ఎత్తే ముందు లివరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూశాను.

గేర్ల పరిస్థితి భయపడినంత చెడ్డగా లేదు. పళ్ళ ముఖాలు, అంటే బరువు మోసే భాగాలు, నునుపుగా మెరుస్తున్నాయి. దెబ్బతిన్నది పళ్ళ చివర్లే. దూరేటప్పుడు సులువుగా ఉండాలని తయారీలోనే ఆ చివర్లను ఏటవాలుగా చెక్కుతారు. ఆ ఏటవాలు పోయి, అంచులు పుట్టగొడుగులా బయటికి మడతపడ్డాయి. మొదటి, రెండో గేర్లవి ఎక్కువ, మిగిలినవి తక్కువ.

అసలు నష్టం పైన ఉంది. ఆయిల్ మట్టానికి పైన ఉండే భాగాలకు ఆయిల్ చిలకరింపుగానే అందుతుంది, అదీ యంత్రం నడిచినప్పుడే. ఏళ్ళ తరబడి నిలబెడితే కింది గేర్లు ఆయిల్‌లో భద్రంగా ఉంటాయి, పైన తడిగాలి తగిలి తుప్పు పడుతుంది. ప్లంజర్లు మూడూ తమ రంధ్రాల్లో పట్టేశాయి. అందులో రెండు స్ప్రింగు బలంతో కొంచెమైనా కదులుతున్నాయి. మూడోది అసలు కదల్లేదు. అది రివర్సు కడ్డీది.

అంటే బిగుతుకు కారణాలు కూడా రెండు. అడ్డ షాఫ్ట్ పూర్తిగా తిరగడం లేదు, తిరిగినా ప్లంజర్ లేవడం లేదు.

రంధ్రాల్లో తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచాను.

ఆరో రోజు

రెండు ప్లంజర్లు ఇత్తడి కడ్డీతో కింది నుంచి తట్టితే వచ్చేశాయి. మూడోదానికి పూట పట్టింది. ఉక్కు పంచ్‌తో గట్టిగా కొడితే దాని మొన చితికి, రంధ్రంలో ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి ఆ తొందర పడలేదు. చుట్టూ ఉన్న పోత ఇనుమును మంటతో నెమ్మదిగా, చేత్తో తాకలేనంత వరకు వేడిచేశాను. పోత ఇనుమును ఒకేచోట ఎర్రగా కాలిస్తే పగులుతుంది, అందుకే మంటను తిప్పుతూ ఉన్నాను. వేడెక్కాక ప్లంజర్ చుట్టూ నూనె చుక్కలు వేసి, ఇత్తడి కడ్డీతో చిన్న చిన్న దెబ్బలు. మూడోసారి వేడిచేశాక వెంట్రుకవాసి కదిలింది. కదిలాక కిందికి, పైకి, మళ్ళీ కిందికి తడుతూ పోతే చివరికి చేతిలో పడింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం మాటల్లో పెట్టడం కష్టం.

ప్లంజర్లను 600 నంబరు సన్నని గరుకు కాగితంతో, ఆయిల్ పెట్టి రుద్దాను. తుప్పు పోవాలి, లోహం పోకూడదు. అదే కాగితాన్ని ఒక కర్రకు చుట్టి రంధ్రాలు కూడా. శుభ్రమయ్యాక పరీక్ష ఏమిటంటే, ప్లంజర్‌కు కాస్త ఆయిల్ రాసి రంధ్రంలో వదిలితే తన బరువుకే నెమ్మదిగా జారాలి. మూడూ జారాయి.

స్ప్రింగులు మూడింటినీ పక్కపక్కన నిలబెడితే ఒకటి పొట్టిగా కనిపించింది. అదే కొలతకు కొత్తది తెప్పించాను.

గేరు పళ్ళ చివర్లకు ఆకురాయి పనికిరాదు. పైపొర గట్టిపరిచిన ఉక్కు కావడంతో ఆకురాయి జారిపోతుంది తప్ప కోయదు. చిన్న గ్రైండింగ్ రాయితో మడతపడిన అంచులను తీసేసి, పోయిన ఏటవాలును వీలైనంత తిరిగి ఇచ్చాను. పన్ను ముఖం జోలికి పోలేదు. రజను లోపల పడకుండా చుట్టూ గ్రీజు రాసిన గుడ్డలు పరిచాను, అయినా తర్వాత అయస్కాంతంతో రెండుసార్లు వెతికాను.

ఎనిమిదో రోజు

పిన్నులకు కొత్తవి లేత్ మీద చేయించాను, సాగిపోయిన రంధ్రాలను గుండ్రంగా పెద్దవి చేసి బుష్‌లు, అంటే లోపల కూర్చునే లోహపు గొట్టం ముక్కలు, వేశాను. లింకు మొత్తాన్ని చేత్తో ఊపితే ఇప్పుడు ఖాళీ తెలియడం లేదు.

ఇక క్లచ్ వైపు. తనిఖీ మూత తీసి లోపల చూస్తే అంతా నల్లటి జిగురు దుమ్ము. ఆ కాలపు క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడటం మామూలు, కాబట్టి దాన్ని గాలితో ఊదలేదు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను సంచిలో మూటకట్టాను.

ఫ్లైవీల్ మధ్యలో క్లచ్ షాఫ్ట్ ముందు కొసను మోసే పైలట్ బేరింగ్ ఉంటుంది. క్లచ్ పట్టి ఉన్నప్పుడు ఫ్లైవీల్, షాఫ్ట్ కలిసి తిరుగుతాయి గనుక దానికి పని లేదు. క్లచ్ వదిలినప్పుడే అది స్వేచ్ఛగా తిరగాలి. ఎండిపోయి పట్టుకుంటే, ప్లేట్లు విడిపోయినా ఫ్లైవీల్ ఆ బేరింగ్ ద్వారానే షాఫ్ట్‌ను లాగుతుంది. తగ్గని వేగంతో తిరిగిన తెల్లగీత నాకు గుర్తొచ్చింది. ఇంజను ఆపి, క్లచ్ వదిలి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే ఇసుకలో తిప్పినట్టు గరగరలాడింది.

దానికి గ్రీజు అందించే దారి గట్టిపడిన పాత గ్రీజుతో మూసుకుపోయింది. సన్నని తీగతో పొడిచి, కిరోసిన్‌తో మెత్తబరిచి, కొత్త గ్రీజు కొద్దికొద్దిగా ఎక్కించాను. ఎక్కువైతే అది ప్లేట్ల మీదికి చిమ్మి క్లచ్ జారుతుంది. తిప్పుతూ, ఎక్కిస్తూ పోతే గరగర చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ బేరింగ్ మార్చాల్సిందే. దానికి క్లచ్ మొత్తం బయటికి రావాలి, ఆ పని తర్వాత.

మళ్ళీ తెల్లగీత పరీక్ష. ఈసారి 11 సెకన్లలో ఆగింది.

తొమ్మిదో రోజు

11 సెకన్లు కూడా ఎక్కువే. క్లచ్ బ్రేకు విప్పితే రాపిడి పట్టీ రివెట్ల తలల దాకా అరిగిపోయి, ఆయిల్ తాగి ఉంది. గేర్‌బాక్స్ ముందు సీల్ నుంచి కారిన ఆయిల్ అది. సీల్ మార్చకుండా పట్టీ మాత్రమే మారిస్తే కొత్తది కూడా తడిసిపోతుంది కాబట్టి ముందు సీల్ మార్చాను. తర్వాత లైనింగ్ షీటు నుంచి అదే ఆకారం కత్తిరించి, ఇత్తడి రివెట్లతో, తలలు ఉపరితలానికి లోపలే ఉండేలా బిగించాను. ఎదుటి చక్రాన్ని పెట్రోలుతో కడిగి ఆరబెట్టాను.

సర్దుబాటులో ఒక మెలిక ఉంది. బ్రేకు మరీ ముందుగా తగిలితే, క్లచ్ పూర్తిగా విడవక ముందే పట్టీ అరగడం మొదలవుతుంది. మరీ ఆలస్యంగా తగిలితే లివరు దారి ముందే అయిపోతుంది. క్లచ్ విడిచిన తర్వాత లివరుకు ఇంకా కొంత దారి మిగిలి ఉండగా బ్రేకు అందేలా పెట్టాను.

తెల్లగీత 2 సెకన్లలో ఆగింది. తమ్ముడు ఆ వీడియోను నాలుగుసార్లు చూశాడు.

పదో రోజు

మూత తిరిగి పెట్టేటప్పుడు ఒక పొరపాటు. ఒక ఫోర్కు గేరు గాడిలో కూర్చోలేదు. బోల్టులు బిగించేముందే లివరు కదిపి చూశాను కాబట్టి తెలిసింది. మళ్ళీ ఎత్తి, అద్దం పెట్టి చూస్తూ దించాం. ఫోర్కు బోల్టులకు అంతకుముందే తీగతో తాళం కట్టాను, అవి వదులైతే ఇంత కష్టమూ వృథా.

డీజిల్ కలిపిన పలుచని ఆయిల్ పోసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పట్టించి 10 నిమిషాలు తిప్పి దించేశాను. అలా రెండుసార్లు. తర్వాత అసలు ఆయిల్. ఇంతకుముందు ఎవరో 140 గ్రేడు పోసినట్టున్నారు, చలిలో అది తేనెలా ఉంటుంది. నేను 90 గ్రేడు మినరల్ గేర్ ఆయిల్ ఎంచుకున్నాను. చిక్కదనంలో అది 50 గ్రేడు ఇంజను ఆయిల్‌కు దగ్గరగా ఉంటుంది, నంబర్లు చూసి రెండింటి మధ్య చాలా తేడా ఉందని భ్రమపడకూడదు. గంధకం రసాయనాలు ఎక్కువగా కలిపిన కొత్తరకం గేర్ ఆయిళ్ళు ఇలాంటి పాత పెట్టెల్లోని కంచు బుష్‌లను తినేసే ప్రమాదం ఉంది, అందుకే అవి వద్దనుకున్నాను.

లివరు తొడుగును లారీ టైరు ట్యూబు నుంచి కత్తిరించి, పైనా కిందా క్లాంపులతో బిగించాను.

సాయంత్రం బాబాయి ఎక్కి కూర్చుని, క్లచ్ ముందుకు నెట్టి, మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి, లివరును మూడు వేళ్ళతో లాగారు. మొదటి గేరు చప్పుడు లేకుండా పడింది. ఆయన ఏమీ అనలేదు. రెండు, మూడు, రివర్సు అన్నీ వేసి చూసి, కిందికి దిగి నా భుజం తట్టారు.

పదకొండో రోజు

మట్టి నెడుతూ పరీక్షించాం. బ్లేడు నిండా బరువు పడగానే రెండో గేరు ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసింది. వాలు మీద ఇలా జరిగితే బండి చేతిలో ఉండదు. వెంటనే ఆపేశాను.

కారణం నా సర్దుబాటే. కొత్త పిన్నులతో ఖాళీలు పోయాయి, కానీ పాత ఖాళీలకు తగ్గట్టు ఎవరో ఎప్పుడో లింకు కడ్డీని పొడుగు పెంచి ఉన్నారు. నేను దాన్ని అలాగే ఉంచాను. దాంతో క్లచ్ పట్టిన తర్వాత కూడా అడ్డ షాఫ్ట్ తాళం వేసే స్థానానికి పూర్తిగా రావడం లేదు. కడ్డీని ఒకటిన్నర చుట్టు తిప్పి తగ్గించి, లాక్ నట్టు బిగించాను. ఇప్పుడు క్లచ్ పట్టి ఉండగా గేరు లివరు బండరాయిలా కదలదు, వదిలితే వేళ్ళతో వస్తుంది. ఆ రెండూ ఇంజను ఆపి ఉన్నప్పుడే చూసుకోవచ్చు, నేను నిన్న మొదటిది చూడకుండా రెండోది మాత్రమే చూశాను.

మళ్ళీ అదే కుప్ప, అదే రెండో గేరు. ఊడలేదు.

ఇరవయ్యో రోజు

10 గంటలు పనిచేయించాక చూసినవి. ఆయిల్ రంగు మారలేదు, నీటి జాడ లేదు. అయస్కాంతానికి మెత్తని రజను కొద్దిగా, ముక్కలు లేవు. తెల్లగీత ఆగడానికి 2 నుంచి 3 సెకన్లు. ఒక్కోసారి షాఫ్ట్ పూర్తిగా ఆగాక పన్నుకు పన్ను ఎదురుపడి గేరు పడదు. అప్పుడు బలం వాడకుండా, క్లచ్‌ను కొద్దిగా తాకించి వదిలితే షాఫ్ట్ వెంట్రుకవాసి తిరిగి దారి ఇస్తుంది. తమ్ముడికి అది అలవాటైంది.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు రివర్సు ఇంకా కొంచెం బరువుగా పడుతోంది, పది నిమిషాల్లో సర్దుకుంటోంది. పైలట్ బేరింగ్ కొత్తది వచ్చింది, గుడ్డలో చుట్టి అరలో పెట్టాను. వానలు తగ్గాక క్లచ్ దించుతాం.